ఏం తక్కువ నీకు?

పొద్దున్నే కాలనీ పార్కులో నడిచేవాళ్ళ మాటలు వింటే ముచ్చటేస్తుంది. పరగడుపున షుగర్ ఎంత వచ్చిందో, బీపీ పైది ఎంతో కిందది ఎంతో, ఏ మాత్ర ఎవరికి పడిందో ఎవరికి పడలేదో అందరికీ తెలుసు. థైరాయిడ్ మాత్ర ఎన్ని మైక్రోగ్రాములదో కూడా దాపరికం లేకుండా చెప్పుకుంటారు. పెళ్ళి భోజనాల దగ్గర పక్కవాళ్ళు చూస్తుండగానే ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్ళున్నారు. ఒళ్ళన్నాక ఏదో ఒక నలత తప్పదు, మందు వేసుకోవాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని మనం నేర్చుకున్నాం.

అలా నడిచేవాళ్ళలోనే ఎవరో ఒకరింట్లో ఒక మాత్రల అట్ట మాత్రం బీరువాలో చీరల మడతల మధ్య దాక్కుని ఉంటుంది. దాన్ని ఇంటి దగ్గరి షాపులో కొనరు. రెండు వీధులు దాటి, ముఖపరిచయం లేని చోట చీటీ మడిచి ఇస్తారు. ఎవరైనా చూసి అడిగితే ‘నరాల బలహీనతకు’ అంటారు. వెళ్ళింది సైకియాట్రిస్టు దగ్గరికైనా ‘నరాల డాక్టరుకు చూపించుకున్నాం’ అని చెప్తారు.

ఆ చిన్న అబద్ధంలో మోసమేమీ లేదు, భయం ఉంది. షుగర్ వచ్చిందంటే అయ్యో అంటారు, కుంగుబాటు అంటే సలహాలు ఇస్తారు. మొదటిది ఒంటికి వచ్చిన కష్టంగానూ, రెండోది మనిషిలో ఉన్న లోపంగానూ కనిపించడమే ఆ భయానికి మూలం.

మన ఇళ్ళలో ఆ సలహాలు అందరికీ తెలిసినవే. ధైర్యంగా ఉండు. నలుగురిలో తిరుగు. నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా? వీటన్నిటికీ పెద్దక్క లాంటి ప్రశ్న ఒకటుంది: ‘ఏం తక్కువ నీకు?’ చదువుంది, ఉద్యోగముంది, బంగారంలాంటి పిల్లలున్నారు, మరి ఎందుకీ దిగులు?

అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలాసార్లు కన్నతల్లే అడుగుతుంది, కట్టుకున్నవాడే అడుగుతాడు. తమ వాళ్ళు అలా కూలబడిపోతుంటే చూడలేక, ఏం చెయ్యాలో తోచక, ప్రేమతోనే అడుగుతారు. కానీ విన్న మనిషికి ఆ ప్రశ్న మరోలా చేరుతుంది. ‘నాకు ఏదీ తక్కువ లేదు, అయినా ఇలా ఉన్నానంటే తప్పు నాదే’ అని. ఉన్న బరువు మీద ఇంకో బరువు.

ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది. మళ్ళీ నిద్ర పట్టదు. పొద్దుటి పూటే అన్నిటికన్నా భారంగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తెరిపి. కాఫీ వాసన రమ్మనదు. ఇష్టమైన పాట వినిపించినా ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంటుంది. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనే. ఫోన్ మోగుతుంటే చూస్తూ ఉండడమే తప్ప చెయ్యి లేవదు. మాట నెమ్మదిస్తుంది, నడక నెమ్మదిస్తుంది, ముద్ద గొంతు దిగదు.

మన దగ్గర చాలామంది డాక్టరుకు ‘మనసు బాగోలేదు’ అని చెప్పరు. తలపోటు అంటారు, గుండెదడ అంటారు, ఒళ్ళంతా లాగేస్తోందంటారు, గ్యాస్ అంటారు. స్కానింగులూ పరీక్షలూ అన్నీ అయ్యాక ‘మీకేమీ లేదు, అంతా బాగానే ఉంది’ అన్న మాట వింటారు. ఆ మాట విని ఏడ్చినవాళ్ళున్నారు. అంత నొప్పి ఉండగా ఏమీ లేదంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

నిజానికి వాళ్ళు ఒంటి గురించి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నిద్ర, ఆకలి, నడక, నొప్పి అన్నీ ఒంటికి సంబంధించినవే. మెదడు కూడా ఒంట్లో భాగమే కదా. ఈ మాట ఇవాళ తేలిగ్గా అనేస్తున్నాం గానీ, కుంగుబాటు విషయంలో దాన్ని వైద్యులు గట్టిగా నమ్మడానికి చాలా కాలం పట్టింది. ఆ నమ్మకం కూడా అనుకోని దారిలో వచ్చింది.

1952లో న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలండ్‌లో, సీ వ్యూ అనే క్షయ ఆసుపత్రిలో ఒక కొత్త మందు ఇచ్చి చూశారు. పేరు ఇప్రోనియజిడ్. రెండో ప్రపంచ యుద్ధంలో రాకెట్లకు వాడగా మిగిలిన హైడ్రజీన్ అనే రసాయనం నుంచి పుట్టిన మందుల కుటుంబం అది. క్షయ తగ్గుతుందేమోనని ఇస్తే ఇంకో విశేషం కూడా కనిపించింది. ఏళ్ళ తరబడి మంచం పట్టి, బతుకు మీద ఆశ వదులుకున్న రోగులు లేచి కూర్చున్నారు. ఆకలి అన్నారు, కబుర్లు చెప్పుకున్నారు. ఆసుపత్రి వసారాల్లో వాళ్ళు నాట్యం చేశారన్న వార్త పత్రికలకెక్కింది.

ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన మందు మనసును లేపడం డాక్టర్లకు వింతగా తోచింది. 1957లో నేథన్ క్లైన్ అనే అమెరికన్ వైద్యుడు అదే మందును క్షయ లేని, కుంగుబాటు ఉన్నవారికి ఇచ్చి, మేలు కనిపించిందని ప్రకటించాడు. కాలేయానికి చేటు చేస్తుందని తేలి ఆ మందు తర్వాత వాడుకలోంచి పోయింది. అది తెరిచిన తలుపు మాత్రం మూతపడలేదు.

దాదాపు అదే సమయంలో స్విట్జర్లాండ్‌లో, కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఉన్న మూన్‌స్టర్‌లింగెన్ మానసిక వైద్యశాలలో రోలండ్ కూన్ అనే డాక్టరు మరో మందును పరీక్షిస్తున్నాడు. తరువాత ఇమిప్రమిన్ అని పేరు పెట్టిన ఆ మందును మొదట స్కిజోఫ్రీనియాకు ఇచ్చి చూశారు, ఫలితం లేదు. 1956లో కుంగుబాటుతో ఉన్నవారికి ఇచ్చారు. కూన్ రాసిన వివరాలు ఇప్పుడు చదివినా మనసు కదులుతుంది. రోగులు పొద్దున్నే తమంతట తామే లేస్తున్నారట. గొంతు పెంచి మాట్లాడుతున్నారట. ముఖంలో కళ వచ్చిందట. ఇంటివాళ్ళ గురించి అడుగుతున్నారట. ఆయన చూసినవన్నీ ఇలాంటి చిన్న చిన్న సంగతులే. మనిషి తిరిగి రావడం అంటే అదే మరి.

1957లో జ్యూరిక్‌లో జరిగిన మానసిక వైద్యుల ప్రపంచ మహాసభలో కూన్ ఈ సంగతి చెప్పినప్పుడు విన్నవాళ్ళు డజను మందికి మించరని అంటారు. అదే ఇమిప్రమిన్ తరువాత కోట్ల మందికి ఆసరా అయింది.

ఈ కథలో మన నేల వాటా కూడా ఉంది. పెరట్లోనూ అడవుల్లోనూ పెరిగే సర్పగంధ మొక్క వేరును మన వైద్యులు తరతరాలుగా పాముకాటుకూ, పిచ్చికీ, నిద్ర పట్టకపోవడానికీ వాడుతూ వచ్చారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు మానసిక వ్యాధులకూ, రక్తపోటుకూ పనిచేస్తుందని ఆధునిక వైద్య పత్రికలో రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ బీపీ రోగుల మీద దాని ప్రభావాన్ని బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం దానివైపు చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు.

రిసర్పిన్ బీపీని దించేది. అయితే అది వాడుతున్నవారిలో కొందరికి ఏ కారణమూ లేకుండా దిగులు కమ్ముకుంటోందని డాక్టర్లు గమనించారు. 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాల రిసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ అనే పదార్థం అడుగంటుతోందని కనిపెట్టింది. మనసుకూ మెదడులోని రసాయనానికీ ముడి అక్కడ పడింది. రిసర్పిన్‌కూ దిగులుకూ సంబంధం అప్పట్లో అనుకున్నంత గట్టిది కాదని తర్వాతి పరిశీలనల్లో తేలింది గానీ, ఒక తరం శాస్త్రజ్ఞుల ఆలోచనకు దారి చూపింది మాత్రం మన అడవి వేరే.

ఇంకా దగ్గరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఒకప్పుడు దక్కన్ పల్లెల్లో జొన్న గటకా, జొన్నరొట్టే తప్ప పప్పూ పాలూ ఎరగని పేద ఇళ్ళలో ఒక జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పెచ్చులు కట్టేది. మెడ చుట్టూ హారంలా మచ్చ పడేది. విరేచనాలు పట్టుకునేవి. వీటితో పాటు మనిషి ముడుచుకుపోయి, పలకరిస్తే పలక్క, దిగాలుగా మూల కూర్చునేవాడు. దాని పేరు పెల్లాగ్రా.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ జబ్బును ఏళ్ళ తరబడి శ్రద్ధగా పరిశీలించింది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు ఇందులో పాత్ర ఉందని లాన్సెట్ పత్రికలో రాశారు. మనం తినే మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉంటుంది. ఒళ్ళు దాంట్లోంచే నియాసిన్ విటమిన్‌నూ చేసుకుంటుంది, సెరటోనిన్‌నూ చేసుకుంటుంది. అందుకే 1970 ప్రాంతంలో ఇక్కడి పరిశోధకులు పెల్లాగ్రా రోగుల రక్తంలో సెరటోనిన్‌ను కొలిచి, వాళ్ళ మానసిక స్థితితో పోల్చి చూశారు.

పప్పూ కూరా కలుపుకుని తినే ఇంట్లో జొన్నరొట్టె వల్ల ఏ చేటూ లేదు. అయితే ఆ రోజుల్లో మూల కూర్చున్న ఆ రైతుకూలీని చూసి గాలి సోకిందన్నవాళ్ళున్నారు, బద్ధకమన్నవాళ్ళున్నారు. నియాసిన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే అతని ముఖం విచ్చుకునేది. అతనిలో లోపం ఏదీ లేదు, అతని పళ్ళెంలో ఉంది.

సెరటోనిన్‌ను రక్తంలోంచి విడదీశారు, 1948లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో. అది మెదడులో కూడా ఉందని 1953లో బెట్టీ ట్వరాగ్ అనే యువ శాస్త్రవేత్త చూపించింది. ఒంట్లోని సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళు పేగుల్లోనే ఉంటుంది, అది మెదడుకు చేరదు. మెదడు తనకు కావలసింది తానే తయారు చేసుకుంటుంది.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని సందు ఉంటుంది. ఒక కణం చెప్పదలచుకున్నది ఆ సందులోకి రసాయనంగా వదులుతుంది, అవతలి కణం అందుకుంటుంది. పని అయ్యాక మిగిలినదాన్ని మొదటి కణం మళ్ళీ లోపలికి తీసుకుంటుంది. సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్, డోపమిన్ ఇలా మాట మోసేవే. పాత మందులూ కొత్త మందులూ చాలామటుకు ఈ రసాయనాలు ఆ సందులో ఇంకాసేపు నిలిచేలా చేస్తాయి.

1965లో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నార్‌ఎపినెఫ్రిన్ వంటివి తగ్గడమే కుంగుబాటుకు కారణం కావచ్చన్నాడు. 1967లో ఇంగ్లండ్‌లో అలెక్ కాపెన్ సెరటోనిన్‌ను ముందుకు తెచ్చాడు. 1987 చివర అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూఆక్సెటిన్, అదే ప్రోజాక్, సెరటోనిన్ పేరును ఇంటింటికీ చేర్చింది.

‘ఏం తక్కువ నీకు?’ అన్న ప్రశ్నకు మొదటిసారి ఒక జవాబు దొరికింది: సెరటోనిన్ తక్కువ.

ఆ జవాబు ఎందరికి ఊరటనిచ్చిందో మాటల్లో చెప్పలేం. డాక్టరు కాగితం మీద రెండు కణాల బొమ్మ గీసి, ‘ఇక్కడ రసాయనం తగ్గిందమ్మా, అందుకే ఇలా ఉంది, నీ తప్పేం లేదు’ అన్నప్పుడు చాలామంది కళ్ళు చెమర్చాయి. కోడలిది బద్ధకమనుకున్న అత్తగారు మెత్తబడింది. కొడుక్కి చదవాలని లేదని కోప్పడే తండ్రి ఆ కోపాన్ని పక్కన పెట్టి, అతన్ని తానే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ చిన్న బొమ్మ ఎన్నో ఇళ్ళలో శాంతి నింపింది.

అయితే మెదడు అంత తేలిగ్గా తన గుట్టు విప్పేది కాదు. శాస్త్రజ్ఞులను మొదటి నుంచీ ఒక సంగతి వేధిస్తూ వచ్చింది. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే మెదడులో సెరటోనిన్ పెరుగుతుంది. మనసు తేరుకోవడానికి మాత్రం రెండు వారాల నుంచి ఆరు వారాలు పడుతుంది. తక్కువైనదాన్ని నింపడమే మందు అయితే ఈ ఆలస్యం ఎందుకు?

ఇంకొకటి. ఆహారం ద్వారా ట్రిప్టోఫాన్ అందకుండా చేసి సెరటోనిన్‌ను తగ్గించి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చాలామంది మామూలుగానే ఉన్నారు. అంతకుముందు కుంగుబాటు వచ్చి మందులతో కోలుకున్నవారిలో కొందరికి మాత్రం దిగులు తిరిగి తలెత్తింది. 2022లో లండన్‌కు చెందిన జొయానా మాన్‌క్రీఫ్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని కలిపి చూసి, కుంగుబాటుకు సెరటోనిన్ తక్కువ కావడమే కారణమనడానికి నిలకడైన ఆధారాలు లేవని తేల్చింది.

ఈ వార్త పత్రికల్లో వచ్చినప్పుడు మందులు వాడుతున్నవాళ్ళు బెంబేలెత్తారు. ‘అయితే నాకిచ్చింది ఉత్తిదేనా?’ అన్న అనుమానం. కాదు. మందు ఏ దారిలో పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. 2018లో లాన్సెట్ పత్రిక 522 అధ్యయనాలను, లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసిన సమీక్షను ప్రచురించింది. అందులో పరీక్షించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గానే పనిచేశాయి. అందరికీ ఒకేలా కాదు, అద్భుతంలానూ కాదు. కానీ పనిచేశాయి.

ఇవాళ శాస్త్రజ్ఞులు ఆ ఆలస్యాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటున్నారు. ఎడతెగని ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి చాలాకాలం అలాగే ఉంటే, కణాల మధ్య అల్లికలు పలచబడతాయి. జ్ఞాపకానికీ భావాలకూ కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం చాలాకాలం కుంగుబాటుతో బాధపడినవారిలో కాస్త చిన్నదిగా కనబడడం స్కాన్లలో చూశారు. సెరటోనిన్ పెరగడం మొదటి అడుగు మాత్రమే. ఇల్లలకగానే పండగ కాదు కదా. దాని వెనక కణాలు మళ్ళీ కొమ్మలు వేసుకోవాలి, కొత్త అల్లికలు అల్లుకోవాలి. ఆ పనికి వారాలు పడుతుంది.

నారుమడిలోంచి తీసి నాటిన వరి మొదటి రోజుల్లో పాలిపోయి, వాలిపోయి ఉంటుంది. చూసినవాళ్ళకు చేను పోయిందేమో అనిపిస్తుంది. రైతుకు తెలుసు, అది లోపల వేళ్ళు దింపుకుంటోందని. నీళ్ళు సరిచూసుకుంటూ ఊరుకుంటాడు. ఒకరోజు పొద్దున చేను పచ్చబడుతుంది.

మందు మొదలుపెట్టిన మొదటి వారాలు సరిగ్గా అలాంటివి. మేలు ఇంకా కనబడదు, వికారమూ తలతిప్పూ మాత్రం ముందే పలకరిస్తాయి. ‘ఇది నాకు పడదు’ అని చాలామంది మానేసేది అప్పుడే. ఇవి నిద్రమాత్రలనీ, అలవాటైపోతే వదలవనీ ఎవరో చెప్పిన మాటలు గుర్తొచ్చేదీ అప్పుడే. ఇవి నిద్రమాత్రలు కావు, మత్తు కోరుకునేలా చేసేవీ కావు. అయితే ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు తిరగబడుతుంది కాబట్టి, ఆపదలచుకుంటే డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. పాతికేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చినప్పుడు మొదటి వారాల్లో దగ్గరుండి కనిపెట్టుకోమని డాక్టర్లు చెప్తారు. ఆ మాట వినడం మంచిది.

మెదడు రసాయనం అన్నప్పుడల్లా అది తలుపులు మూసుకున్న గది అనుకుంటాం. నిజానికి దానికి కిటికీలెక్కువ. దగ్గరివాళ్ళు పోయిన దుఃఖం, తీరని అప్పు, రోజూ వినే చులకన మాట, చిన్ననాట పడ్డ దెబ్బలు, ఊరు విడిచి పరదేశంలో ఒంటరిగా గడిపిన చలికాలాలు అన్నీ ఆ కిటికీల్లోంచి లోపలికి వెళ్ళి రసాయనాలుగా మారతాయి. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా కుంగుబాటు లాంటి స్థితి రావచ్చు. కొంత అమ్మానాన్నల నుంచి వస్తుంది. కవలల మీద జరిగిన పరిశోధనలు వంశపారంపర్యపు వాటా నూటికి దాదాపు 37 పాళ్ళని లెక్కగట్టాయి. మిగతాదంతా బతుకే.

కాన్పు సంగతే చూడండి. బిడ్డ పుట్టగానే తల్లి ఒంట్లో ప్రొజెస్టిరాన్ వంటి హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దాని వెంటే మెదడును శాంతపరిచే అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థమూ పడిపోతుంది. కొందరు తల్లులకు అప్పుడే కుంగుబాటు పట్టుకుంటుంది. ఆ పదార్థాన్నే మందుగా ఇవ్వడానికి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మన పెద్దవాళ్ళకు ఈ రసాయనం పేరు తెలియదు. కానీ బాలింతను ఒంటరిగా వదలకూడదని తెలుసు. పురిటింట్లో ఎవరో ఒకరు పక్కనే పడుకునేవారు. వేడి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, వెల్లుల్లి కారంతో వేడన్నం పెట్టి, బిడ్డను కాసేపు తామెత్తుకుని ఆమెను నిద్రపొమ్మనేవారు. గాలీ ధూళీ సోకకుండా అనేవారు గానీ, ఆ నెపంతో ఆమెకు అందిందల్లా నిద్రా, తిండీ, తోడూ.

పాత రోజులన్నీ బంగారమని చెప్పలేం. కుంగిపోయిన మనిషిని భూతవైద్యుడి ముందు కూర్చోబెట్టిన రోజులూ అవే, వేపమండలతో కొట్టిన రోజులూ అవే. ఎర్రగడ్డ పేరో, వాల్తేరు ఆసుపత్రి పేరో చెప్పి నవ్విన రోజులూ అవే. మందు లేక ఎంతోమంది అలాగే వాడిపోయారు. అయినా ఆ ఇళ్ళలో ఒక మంచి ఉండేది. సాయంత్రం అరుగు మీదికి రోజూ వచ్చే మనిషి రెండు రోజులు రాకపోతే ఎవరో ఒకరు లోపలికి తొంగిచూసి, ‘ఏమ్మా, కనబడ్డం లేదు’ అని అడిగేవారు.

ఇప్పుడు మందుంది, తొంగిచూసే మనిషి కరువయ్యాడు. ఫ్లాటు తలుపు వేసుకుంటే పక్కింటికి కబురుండదు. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే, వీడియో కాల్‌లో ఇక్కడి తల్లీ నవ్వుతుంది, అక్కడి కూతురూ నవ్వుతుంది. ఇద్దరూ ఒకరికొకరు దాచుకున్నది ఎప్పటికో బయటపడుతుంది.

తోడుగా ఉండడం కూడా వైద్యమేనని నిదానంగా శాస్త్రమూ ఒప్పుకుంటోంది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం ఒక మంచి పని చేసింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన కుంగుబాటు రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించింది. వాళ్ళు పెద్ద తత్త్వాలేమీ చెప్పలేదు. ఒకప్పుడు ఇష్టంగా చేసిన చిన్న పనుల్ని ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టించారు, మళ్ళీ వచ్చి ఎలా ఉందని అడిగారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారి కన్నా వీళ్ళు ఎక్కువగా కోలుకున్నారని 2017లో లాన్సెట్ ప్రచురించింది.

మాట కూడా చెవిలోంచి వెళ్ళి చివరికి మెదడులోనే పనిచేస్తుంది. అందుకని మాత్రా మాటా ఒకదానికొకటి పోటీ కావు. కొందరికి మాటే చాలు. కొందరికి మాత్ర లేనిదే మాట లోపలికి వెళ్ళదు. చాలామందికి రెండూ కావాలి. ఏది ఎంతో చెప్పాల్సింది డాక్టరు. పక్కన ఉండాల్సింది మనం.

సెరటోనిన్ కథ రేపు ఇంకా మారుతుంది. ఈ శతాబ్దం మొదలయ్యాక కెటమిన్ అనే మత్తుమందు కొందరిలో గంటల్లోనే కుంగుబాటును తగ్గించడం చూసి, శాస్త్రజ్ఞులు గ్లుటమేట్ అనే ఇంకో రసాయనం వైపు తిరిగారు. ఒంటి లోపలి వాపుకూ, పేగులకూ కుంగుబాటుతో ఉన్న సంబంధాన్ని వెతుకుతున్నవాళ్ళున్నారు. శాస్త్రం అలాగే నడుస్తుంది, చెప్పినదాన్ని సరిదిద్దుకుంటూ. అయితే ఆ కథ మనకిచ్చిన మంచిని మాత్రం పోగొట్టుకోకూడదు. ఏ రసాయనం ఎంత తగ్గిందన్న లెక్క మారవచ్చు, రోగి మీద నింద వెయ్యకూడదన్నది మారదు. కుంగుబాటు ధైర్యం లేకపోవడం కాదు, దేవుడి మీద నమ్మకం తగ్గడం కాదు, ఇంటివాళ్ళ మీద ప్రేమ లేకపోవడం అసలే కాదు. అది జబ్బు. చాలామందిలో తగ్గే జబ్బు.

మన దేశంలో 2015-16లో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం ప్రతి ఇరవై మంది పెద్దవాళ్ళలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటును చూసినవారే. అంటే మన బంధువుల్లో, స్నేహితుల్లో, పొద్దున్నే పార్కులో కలిసే వాళ్ళలో కచ్చితంగా ఎవరో ఉన్నారు. వాళ్ళు మనతో చెప్పలేదంతే.

అలాంటివారు మీ ఇంట్లో ఉంటే కారణాలు అడగకండి. అన్నం తిన్నావా అని అడగండి. రాత్రి నిద్రపట్టిందా అని అడగండి. డాక్టరు దగ్గరికి మీరూ వెంట వెళ్ళండి. మాత్ర వేసుకునే వేళకు మంచినీళ్ళ గ్లాసు అందించండి, ఆ అట్టను మీ బీపీ మాత్రల పక్కనే పెట్టండి. మొదటి నాలుగు వారాలు ఓపిక పట్టండి, వాళ్ళను ఒంటరిగా వదలకండి. చనిపోవాలనిపిస్తోందన్న మాట వింటే తేలిగ్గా తీసుకోకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇది చదువుతున్న మీరే ఆ చీకట్లో ఉంటే, ఒక్కరికి చెప్పండి చాలు. ఎవరికి చెప్పాలో తోచకపోతే టెలి మానస్ అనే సహాయ కేంద్రం ఉంది. నంబరు 14416. రాత్రయినా పగలయినా ఫోన్ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.